అయిదు కుర్చీల బావగారు

మా బావగారు ఒక్కరే అయినా, ఆయన పనిచేసే చోట అయిదుగురు ఉండేవారు. ఇది కోపంలో అంటున్న మాట కాదు. నాకు కోపం లేదని కూడా అనను. కుట్టుమిషను ముందు కూర్చుని ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా దారం తెగుతూనే ఉంటుంది. కానీ అయిదుగురు అన్నది కంపెనీ లెక్క. వాళ్ల ఆఫీసు గోడ మీద ఒక పటం వేలాడుతూ ఉంటుంది. అందులో ఒకదాని కింద ఒకటి అయిదు గళ్లు. అన్ని గళ్లలోనూ ఉన్నది మా బావగారే.

ఇళ్ల ముందు నీటి గొట్టానికి చిన్న మీటరు బిగించి ఉంటుంది, చూసే ఉంటారు. అది మొరాయిస్తే విప్పి, పెట్టెల్లో వేసి, ఆయన పనిచేసే షెడ్డుకు పంపుతారు. ఆయన దాన్ని తెరిచి, లోపల పేరుకున్న మట్టి కడిగి, అరిగిన వాషరు మార్చి, బల్ల మీది గొట్టానికి బిగించి, సరిగ్గా ఇరవై లీటర్ల నీళ్లు దాని గుండా తొట్టిలోకి వదులుతారు. తొట్టి గోడ మీది గీత ఇరవై అన్నప్పుడు మీటరు ముల్లు కూడా ఇరవై అనాలి. అంటే తీగ చుట్టి, సీసపు బిళ్ల పెట్టి, పట్టకారుతో నొక్కి సీలు వేస్తారు. అనకపోతే మళ్లీ మొదటి నుంచి. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. చేతులు ఎప్పుడూ నాని, వేళ్ల చివర పగిలి ఉండేవి. ముల్లు వంక చూడకుండా, చెవి ఆనించి, లోపల చక్రం ఎక్కడ రాసుకుంటోందో చెప్పేవారు.

ఆ రోజుల్లో షెడ్డులో పన్నెండు మంది టెస్టర్లు ఉండేవారు. వాళ్ల మీద ఒక ఫోర్‌మన్, ఆయన మీద సూపర్‌వైజరు, మేడ మీద అసిస్టెంట్ మేనేజరు, అందరి మీదా మేనేజరు. అక్కను ఆయనకిచ్చి పెళ్లి చేసినప్పుడు మా నాన్న "అల్లుడు కంపెనీలో పని" అని వీధి వీధంతా చెప్పుకున్నాడు. కంపెనీలో ఏం పని అని ఎవరైనా అడిగితే మాత్రం ఆయనకు దగ్గు వచ్చేది.

తర్వాత టెస్టర్లు ఒక్కొక్కరే వేరే ఉద్యోగాలు చూసుకున్నారు. వాళ్ల స్థానంలో ఎవరూ రాలేదు. ఆరేళ్ల కిందట ఫోర్‌మన్ రిటైరయ్యాడు. పెద్దాఫీసు వేరే ఊళ్లో ఉంది. అక్కడినుంచి మనుషులు రారు, కాగితాలే వస్తాయి. "తదుపరి ఉత్తర్వులు వచ్చేవరకు ఆ పదవి బాధ్యతలు కూడా తమరే నిర్వర్తించవలసింది" అని బావగారికి కాగితం వచ్చింది. ఆ మరుసటి ఏడు సూపర్‌వైజరు వెళ్లిపోయాడు. అదే కాగితం, తేదీ మారింది. అసిస్టెంట్ మేనేజరుకు బదిలీ. అదే కాగితం. చివరికి మేనేజరు కూడా పదవీ విరమణ చేసి, మెడలో దండతో మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆ దండ వేసిందీ బావగారే, చప్పట్లు కొట్టిందీ బావగారే. పక్కన అటెండరు ఒక్కడు. ఆ సాయంత్రం నుంచి ఆ కంపెనీ అంటే వాళ్లిద్దరే.

"ఖాళీలు నింపరా బావగారూ?" అని అడిగాను ఒకసారి.

"నింపారుగా" అన్నారు.

జీతం మాత్రం టెస్టరుదే. ఆ విషయంలో పెద్దాఫీసుకి ఎలాంటి గందరగోళమూ లేదు. పటంలో ఒక్క గడి ఖాళీ కనబడినా శాఖ మూసేస్తారని ఒక మాట ఉండేది. ఆ భయంతో బావగారు నోరెత్తేవారు కాదు.

ఇంకొకరైతే ఏం చేసేవారు? బల్ల దగ్గరే కూర్చుని అయిదు సంతకాలూ గీకి పారేసేవారు. నేనే ఉన్నాను. నా దుకాణంలో యజమానిని నేనే, టైలర్ని నేనే, బొత్తాలు కుట్టేదీ నేనే, పొద్దున్నే ఊడ్చేదీ నేనే. నాకు నేను ఏనాడూ ఉత్తరం రాసుకోలేదు. మా బావగారు అలాంటి మనిషి కాదు. ఏ కుర్చీ పని ఆ కుర్చీలో కూర్చునే చెయ్యాలంటారు. ఎనిమిది నుంచి పదకొండు వరకు బల్ల దగ్గర, రబ్బరు ఏప్రన్ కట్టుకుని. పదకొండింటికి చేతులు తుడుచుకుని, ఏప్రన్ విప్పి, కోటు వేసుకుని మేడ మీద మేనేజరు గదిలో. మధ్యాహ్నం అద్దాల గదిలో సూపర్‌వైజరు. మిగతా రెండు కుర్చీలూ వీలును బట్టి. పై కుర్చీకి వెళ్లేకొద్దీ సంతకం పొట్టిదయ్యేది. టెస్టరు పేరంతా విడివిడిగా రాస్తాడు. మేనేజరుది గాలికి కొట్టుకుపోతున్న దారం ముక్కలా ఉంటుంది.

అటెండరు తోడు దొంగ. బావగారికంటే నాలుగేళ్లు పెద్దవాడు. బల్ల దగ్గర "ఏమయ్యా, టీ తాగుతావా?" అనేవాడు. అద్దాల గదిలో "టీ తెమ్మంటారా?" అనేవాడు. మేనేజరు గదిలో అసలు మాటే ఉండదు. కప్పు పెట్టి రెండడుగులు వెనక్కి నడిచి వెళ్లిపోవడమే. కింద టెస్టరు రాసిన కాగితాన్ని ట్రేలో పెట్టుకుని అతను ముందు మెట్లు ఎక్కేవాడు. ఈలోగా బావగారు వెనక మెట్ల మీంచి పరుగెత్తి, కోటు తగిలించుకుని, కుర్చీలో కూర్చుని, ఆయాసం అణుచుకుంటూ "ఏంటది?" అనేవారు.

"కింద నుంచి ఏదో కాగితం వచ్చింది సార్."

"పెట్టి వెళ్లు. చూస్తాను."

ఒక్కోసారి మూడు రోజులైనా చూసేవారు కాదు. మళ్లీ కింద బల్ల దగ్గర నిలబడి "పైన ఫైలు కదలడం లేదయ్యా" అని వాపోయేవారు. "వాళ్లకేం తెలుస్తాయి మన కష్టాలు" అని అటెండరు ఓదార్చేవాడు. ఇవన్నీ అటెండరు నాకు స్వయంగా చెప్పినవే. చెప్పేటప్పుడు అతని మొహంలో నవ్వన్నది లేదు.

ఒకరోజు బావగారు ఇంటికి వచ్చి అన్నం కలపకుండా కూర్చున్నారు. నేను అక్కడే ఉన్నాను. ఏమైందని అక్క అడిగితే, "మెమో ఇచ్చారే" అన్నారు.

"ఎవరు?"

"ఫోర్‌మన్. ఏడు నిమిషాలు ఆలస్యంగా వచ్చానని."

"వాడి నోట్లో మన్ను పొయ్య! ఏడు నిమిషాలకేనా?" అని మండిపడింది అక్క.

"అంత మాట అనకు. ఆయన డ్యూటీ ఆయన చేశాడు" అన్నారు బావగారు, కొంచెం నొచ్చుకుని.

ఏడాదికోసారి కింది ఉద్యోగి పనితీరు గురించి పై ఉద్యోగి రహస్య నివేదిక రాసి పెద్దాఫీసుకు పంపాలి. బావగారు అదీ రాశారు. తలుపు లోపల గడియ పెట్టుకుని రాసి, కవరు అంటించి పంపించారు. "మీ గురించి ఏం రాశారండీ?" అని అక్క ఆశగా అడిగితే "నాకెలా తెలుస్తుంది? రహస్యం కదా" అన్నారు. ఆ వారమంతా బితుకుబితుకుమంటూ తిరిగారు. బాగా రాసి ఉంటే ఎందుకంత భయం అని నాకు ఇప్పటికీ అనుమానమే.

ఇంకోసారి వాషర్ల డబ్బా ఎవరి బీరువాలో ఉండాలన్న దాని మీద సూపర్‌వైజరుకీ అసిస్టెంట్ మేనేజరుకీ చెడింది. రెండు వారాలు ఇద్దరికీ మాటల్లేవు. అన్నీ రాతపూర్వకమే. వాషర్లు లేక కింద మీటర్లు గుట్టపడ్డాయి. "రాజీ పడొచ్చు కదండీ" అంది అక్క.

"ఎవరు ముందు తగ్గాలి?" అన్నారు బావగారు. గొంతు తగ్గించి, "నిజం చెప్పనా? ఆ అద్దాల గదిలో కూర్చుంటే ఆ పైవాడు మొండివాడనిపిస్తాడు. పైన కూర్చుంటే కిందివాడికి పొగరనిపిస్తుంది. నేను కావాలని అనుకునేది కాదు. కుర్చీలో కూర్చోగానే అలా అనిపిస్తుందంతే" అన్నారు.

నవ్వాలో తల బాదుకోవాలో నాకు తెలియలేదు. అక్క మాత్రం నవ్వేది. అయిదేళ్లు నవ్వుతూనే లాక్కొచ్చింది. కిందటేడు అక్క మెడలో గడ్డ కనిపించేసరికి మా ఇంట్లో ఆ నవ్వు ఆగిపోయింది.

మొదట నిమ్మకాయంత. ఆరు నెలల్లో చెయ్యి అడ్డం పెట్టుకుంటే తప్ప దాచలేనంత. గొంతు బొంగురుపోయింది. పడుకుంటే ఊపిరి ఆడక, దిండ్లు వీపు వెనక పేర్చుకుని కూర్చునే నిద్రపోయేది. డాక్టరమ్మ చూసి ఆపరేషన్ చెయ్యాలంది, తేదీ కూడా ఇచ్చింది. అక్క ఒక్కటే షరతు పెట్టింది. ఆపరేషన్ గది బయట ఆయన ఉండాలి. ఉంటేనే లోపలికి వెళ్తాను, లేకపోతే వెళ్లను.

ఇది మంకుపట్టు అని డాక్టరమ్మ అనుకుంది. నాకు తెలుసు కాదని. మా అమ్మ ఇలాగే ఒక ఆపరేషన్ గదిలోకి వెళ్లి బయటికి రాలేదు. ఆ రోజు నాన్నకు సెలవు దొరకలేదు. స్ట్రెచర్ తలుపు దాటేదాకా అమ్మ తల తిప్పి వరండా చివరికే చూసింది. పదకొండేళ్ల అక్క అది కళ్లారా చూసింది. నేను చిన్నదాన్ని, నాకు గుర్తులేదు. అక్క ఆ చూపు మర్చిపోలేదు.

మొదటి తేదీకి బావగారు సెలవు చీటీ పెట్టారు. "బల్ల దగ్గర ఎవరుంటారు?" అని ఫోర్‌మన్ అడ్డుపడ్డాడు. తేదీ పోయింది. రెండోసారి చీటీ మేనేజరు దాకా వెళ్లింది. "పని ఒత్తిడి దృష్ట్యా వాయిదా వేసుకోవలసింది" అని దారం ముక్క సంతకంతో తిరిగొచ్చింది. ఆ రెండుసార్లూ బావగారు ఇంటికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నారు. నేను ఆయన్ని అనని మాట లేదు. "నా చేతుల్లో ఏముంది?" అనేవారు. ఆ మాట వింటే నా ఒళ్లు మండిపోయేది.

మూడోసారి డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి చెప్పింది. గడ్డ శ్వాసనాళాన్ని నొక్కుతోంది. వచ్చే గురువారం చేసేస్తాను. ఆ తర్వాత రెండు నెలలు నేనుండను. అన్నాళ్లు ఆగితే ఏమవుతుందో నేను చెప్పలేను. అంతే.

మంగళవారం దుకాణం మూసి నేరుగా కంపెనీకి వెళ్లాను. గేటు దగ్గర అటెండరు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు.

"ఎవర్ని కలవాలమ్మా?"

"మా బావగార్ని."

"ఏ బావగార్ని?"

నేను పళ్లు నూరుతూ లోపలికి నడిచాను. షెడ్డులో నీళ్ల చప్పుడు. బావగారు ఏప్రన్ కట్టుకుని తొట్టి మీదికి వంగి ఉన్నారు. నన్ను చూసి నీళ్లు కట్టేశారు.

"బావగారూ, గురువారం సెలవు సంగతి ఏమైంది?"

"పైకి పంపాను. వాళ్లు ఏమంటారో."

"పైవాళ్లెవరు?"

ఆయన కళ్లతో మేడ వైపు చూపించారు. "సరే, నేనే వెళ్లి మాట్లాడతాను" అన్నాను.

"సారు పదకొండింటికి గానీ రారు" అన్నారు.

పది గంటల నలభై నిమిషాలైంది. ఆ ఇరవై నిమిషాలూ నేను బెంచీ మీద కూర్చున్నాను, ఆయన రెండు మీటర్లకు సీలు వేశారు. పదకొండు కొట్టగానే చేతులు తుడుచుకుని వెనక వైపు వెళ్లిపోయారు. అటెండరు వచ్చి, చీటీ మీద నా పేరు, పని రాయించుకుని పైకి తీసుకెళ్లాడు. కిందికి వచ్చి "రమ్మంటున్నారు" అన్నాడు.

మేనేజరు గదిలో తివాచీ, గాజు పలక వేసిన బల్ల. దాని వెనక కోటు వేసుకుని మా బావగారు. జుట్టు తడి చేత్తో వెనక్కి దువ్వుకున్నట్టున్నారు.

"కూర్చోండి. ఏం పని మీద వచ్చారు?" అన్నారు.

నాకు చేతి సంచీ ఆయన నెత్తిన వేసి కొట్టాలనిపించింది. కానీ వచ్చింది అక్క కోసం. కూర్చున్నాను.

"కింద బల్ల దగ్గర పనిచేసే టెస్టరు సెలవు గురించి" అన్నాను.

"మీరు అతనికి ఏమవుతారు?"

"మరదల్ని. దరిద్రం కొద్దీ."

ఆయన ఆ మాట విననట్టే ఫైలు తెరిచారు. "అతను మంచి పనివాడు. ఈసారి సెలవు మంజూరు చేశాను కూడా. ఇదిగో, గురువారం ఒక్కరోజు. ఫోర్‌మన్‌కు కూడా ఇచ్చాను."

నా ప్రాణం లేచి వచ్చింది. "అయితే బావగారూ, మీరు ఆసుపత్రికి వస్తున్నట్టేగా?"

"నేనా? నేనెలా వస్తాను?" అని నిబంధనల పుస్తకం నా వైపు తిప్పారు. ఒక శాఖలో ఒకే రోజున ఇద్దరికి మించి సెలవు ఇవ్వరాదు అని అచ్చులో ఉంది. "ఇద్దరికీ ఇచ్చేశాను. ఇక సూపర్‌వైజరు, అసిస్టెంట్ మేనేజరు, నేను, ముగ్గురం ఉండి తీరాలి. మూడో మనిషి కదిలితే రూలు పోతుంది. రూలు పోతే శాఖ పోతుంది."

"మీకు కాళ్లు రెండే కదా! ఆ ఇద్దరూ వస్తే మిగతా ముగ్గురూ ఎక్కడుంటారు?"

"అదే నా బాధ కూడా" అన్నారు. నిజంగానే బాధపడ్డారు. పెన్ను మూత పెట్టారు, తీశారు, మళ్లీ పెట్టారు. నేను లేచి నిలబడ్డాను. తలుపు దాకా వెళ్లాక వెనక నుంచి మెల్లగా వినిపించింది.

"ఆవిడకి ఎలా ఉందండీ?"

"ఎవరికి?"

"ఆ టెస్టరు భార్యకి."

తిరిగి చూస్తే ఆయన కళ్లనిండా నీళ్లున్నాయి. తిట్టడానికి తెరిచిన నోరు మూసుకుని మెట్లు దిగాను. ఆ మనిషి నటించడం లేదు. ఆ కుర్చీలోంచి ఇంటికి దారి కనబడక నిజంగానే కొట్టుకుంటున్నాడు. ఆ మాట నాకు ఆరేళ్లలో మొదటిసారి అర్థమైంది. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గిందని కాదు.

ఇంటికి వెళ్లి అక్క పక్కన కూలబడి జరిగిందంతా చెప్పాను. చెబుతూ ఏడ్చాను. అక్క దిండ్లకు ఆనుకుని, మధ్యలో అడ్డు రాకుండా విన్నది. ఆఖర్న బొంగురు గొంతుతో ఒక్క మాట అడిగింది.

"టెస్టరుకి సెలవిచ్చారా?"

"ఇచ్చారు. ఏం లాభం?"

"కాగితం మీదేనా?"

"సంతకాలన్నీ ఉన్నాయి. నేను చూశాను."

అక్క కళ్లు మూసుకుని కాసేపు ఊపిరి తీసుకుంది. సాయంత్రం బావగారు వచ్చి, చెప్పులు విప్పి, దొంగలా గోడ వైపు నడుస్తుంటే పిలిచింది.

"ఏమండీ, ఇలా రండి. మీ మేనేజరు గారు గురువారం రాలేరట కదా."

"రాలేరు" అన్నారు ఆయన, తల దించుకుని.

"రావద్దనండి. ఆయన నాకెందుకు? నేను పెళ్లి చేసుకుంది టెస్టర్ని. టెస్టర్ని పంపమనండి చాలు."

బావగారు నిలబడిపోయారు. ఆయన మొహంలో ఏదో మెల్లగా కదలడం నేను చూశాను. పెదవులు కదిపి, వేళ్లు మడిచి, లోలోపల పుస్తకంలోని పేజీలన్నీ తిరగేశారు. చాలాసేపటికి "ఇందులో రూలుకి అడ్డేమీ లేదే" అన్నారు.

"లేదు కదా."

"కానీ టెస్టరు ఆసుపత్రిలో ఉంటే మేనేజరు ఆఫీసులో ఎలా ఉంటాడు?"

"అది మేనేజరు చూసుకోవాల్సిన సంగతి. సెలవులో ఉన్న టెస్టరుకి అనవసరం" అంది అక్క.

ఆ రాత్రి ఆయన గోడ వైపు తిరగలేదు.

బుధవారం సాయంత్రం ఏం జరిగిందో, గురువారం ఏం జరిగిందో అటెండరు తర్వాత చెప్పాడు. బుధవారం ఆఫీసు మూసేముందు మేనేజరు తన కోటును కుర్చీకి తొడిగి, కళ్లజోడు తెరిచిన ఫైలు మీద పెట్టి, ఫ్యాను వేసి వెళ్లాడట. సూపర్‌వైజరు గొడుగును, అసిస్టెంట్ మేనేజరు టైని ఎదుటి కుర్చీల్లో పెట్టాడట. గురువారం పది గంటలకు అటెండరు మూడు టీలు తీసుకెళ్లి, ఎవరి ముందు వాళ్లకు పెట్టి, రెండడుగులు వెనక్కి నడిచి బయటికి వచ్చాడు. పదిన్నరకు పెద్దాఫీసు నుంచి ఫోను.

"మేనేజరు గారు ఉన్నారా?"

"ఉన్నారు సార్. మీటింగులో ఉన్నారు."

"ఎవరితో?"

"అసిస్టెంట్ మేనేజరు గారూ, సూపర్‌వైజరు గారూ. టెస్టరూ ఫోర్‌మనూ సెలవులో ఉన్నారు కదండీ, ఇవాళ పని ఎలా నడపాలా అని."

"మంచిది. మీటింగు పాడు చెయ్యకు" అని పెట్టేశారట. ఆ శాఖ గురించి పెద్దాఫీసు ఆ మాత్రం మెచ్చుకోవడం అదే మొదటిసారి అన్నాడు అటెండరు, కొంచెం గర్వంగా. ఆ మూడు టీలూ అతనే తాగాడు.

గురువారం పొద్దున ఏడింటికే బావగారు ఆసుపత్రిలో ఉన్నారు. పెళ్లయిన కొత్తలో వేసుకునే నీలం చొక్కా వేసుకొచ్చారు. మోచేతి దగ్గర నేను వేసిన మాసిక అలాగే ఉంది. నర్సు ఫారం పట్టుకొచ్చి, పేషెంటుకి ఏమవుతారని అడిగింది. "భర్తనండి" అన్నారు. ఏం చేస్తుంటారంది. "నీటి మీటర్లు టెస్టు చేస్తానండి" అన్నారు. తర్వాత ఆయన ఇంకా నాలుగు పదవులు చెబుతారేమోనని నేను ఊపిరి బిగబట్టాను. చెప్పలేదు.

స్ట్రెచర్ కదిలింది. ఆయన దాంతోపాటే నడిచారు. అక్క ఆయన చూపుడు వేలు పట్టుకుని ఉంది, పగుళ్లు తేలిన వేలు. తలుపు దగ్గర నర్సు ఆపింది. అక్క తల తిప్పి చూసింది. వరండా చివరికి చూడాల్సిన పని లేకపోయింది. ఆయన అడుగు దూరంలోనే ఉన్నారు. వేలు వదిలి లోపలికి వెళ్లింది.

మూడు గంటలు. బావగారు బెంచీ మీదనుంచి లేవలేదు, మంచినీళ్లు కూడా ముట్టలేదు. పదకొండు కొట్టినప్పుడు మాత్రం ఆయన చేతులు చొక్కాకు తుడుచుకున్నాయి. మనిషి లేవలేదు. నేను ఆయన్ని ఆరేళ్లు తిట్టినదంతా గుర్తొచ్చి, సిగ్గుపడి, ఆయన పక్కన కొంచెం దగ్గరగా జరిగి కూర్చున్నాను. నాకు భయంగా ఉంది, ఆయనకు నాకంటే భయంగా ఉంది. డాక్టరమ్మ బయటికి వచ్చి మాస్కు దించి, గడ్డ మొత్తం వచ్చేసింది, ప్రమాదమేమీ లేదు, గొంతు నెమ్మదిగా సర్దుకుంటుంది, వారం రోజులు మాట్లాడకూడదు అని చెప్పింది. బావగారు ఆవిడకు నమస్కారం పెట్టి, అలాగే చేతులు దించడం మర్చిపోయారు.

శుక్రవారం తెల్లారింది. అక్క మెడకు కట్టు, ముక్కు పక్కన గొట్టం. దిండు మీద తల ఆనించి పడుకుంది. ఎన్నో నెలల తర్వాత వెల్లకిలా పడుకోవడం. బావగారు పక్కన స్టూలు మీద కూర్చుని చెంచాతో నీళ్లు పడుతున్నారు. చుక్క కూడా కింద పడనివ్వడం లేదు. నీళ్లు కొలిచే మనిషి కదా. గోడ మీద గడియారం ఎనిమిది చూపించింది. నేను ఓర్చుకోలేకపోయాను.

"బావగారూ, టెస్టరు సెలవు నిన్నటితో అయిపోయింది కదా?"

చెంచా ఆగలేదు. "అయిపోయింది" అన్నారు.

"మరి ఇవాళ వెళ్లకపోతే మేనేజరు మెమో ఇవ్వడూ?"

"ఇస్తాడు. ఊరుకునే మనిషి కాదు."

"మరి?"

"ఇచ్చుకోనీ" అన్నారు బావగారు, ఇంకో చెంచా నీళ్లు అక్క నోటికి అందిస్తూ. "ఆయనకేం, పెళ్లామా? ఆయనకెలా తెలుస్తుంది?"

అక్క నీళ్లు మింగలేక, ఆపుకోలేక, చప్పుడు లేకుండా నవ్వింది. మెడ కట్టు రెండు చేతులా పట్టుకుని, కళ్ల నీళ్లు చెంపల మీదికి కారుతుండగా నవ్వింది. నర్సు పరుగెత్తుకొచ్చింది.

"కుట్లు తెగితే ఎవరిది బాధ్యత? ఎవరు ఈవిణ్ణి నవ్వించింది?"

"నేనేనండి" అన్నారు బావగారు.